బురద సీసాల డైరీ: గోస్తనీ మొగ, కొండకర్ల ఆవ

జనవరి: అమరిక

ఈ ప్రాజెక్టులో తేల్చుకోవలసిన విషయం ఒక్కటే. బురదలోని సూక్ష్మజీవులు తిండిని విడగొట్టి శక్తిని తీసుకునేటప్పుడు వదిలించుకునే ఎలక్ట్రాన్లను ఒక తీగ మీదుగా బయటికి రప్పించి, ఆ ప్రవాహంలోని హెచ్చుతగ్గులను బట్టి లోపల ఏ తిండి ఎంత త్వరగా కరుగుతోందో చెప్పవచ్చునా అన్నది చూడాలి. బురదలో ఎలక్ట్రోడు గుచ్చి చిన్న దీపం వెలిగించడం విద్యార్థుల సైన్సు ప్రదర్శనల్లో తరచుగా కనిపించేదే కాబట్టి, దీపం వెలగడం మీద నాకు అంతగా ఆసక్తి లేదు. మీటరు చూపే అంకె జీవుల వల్ల వచ్చిందా, లోహం తుప్పు పట్టడం వల్ల వచ్చిందా అన్న ప్రశ్నను ఆ ప్రదర్శనల్లో ఎవరూ అడగరు. నాకు అసలు పని అక్కడే మొదలవుతుంది.

ఆలోచన కొత్తదేమీ కాదు. ఇంగ్లండులోని డర్హమ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎం.సి. పాటర్ 1911లోనే ఈస్టు, బ్యాక్టీరియా ఉన్న ద్రవంలో ప్లాటినం ఎలక్ట్రోడులు ముంచి, అవి తిండిని కుళ్లబెట్టే క్రమంలో విద్యుత్తు పుడుతుందని చూపించాడు. మన దగ్గర ప్లాటినం లేదు కాబట్టి అరచేయంత గ్రాఫైట్ ఫెల్టు ముక్కలు తెప్పించాను. ఒక ముక్కను బురదలో జానెడు లోతున పాతిపెట్టి, రెండో ముక్కను పైనున్న నీటి మీద గాలి తగిలేటట్టు తేలవేసి, రెండింటినీ బయట 1,000 ఓమ్‌ల రెసిస్టర్‌తో కలపడమే మొత్తం అమరిక. రాగి తీగ గానీ జింకు పూత ఉన్న తీగ గానీ తడిలో ఉంటే అదే స్వయంగా వోల్టేజీ పుట్టిస్తుంది. అందువల్ల బురదలోంచి పైకి వచ్చే భాగమంతా గ్రాఫైట్ కడ్డీతోనే చేసి, రాగి తీగను నీటికి పైన మాత్రమే కలిపి, ఆ కీలును ఎం-సీల్‌తో మూసివేశాను.

బురద రెండు చోట్ల నుంచి వచ్చింది. మొదటిది భీమిలిలో గోస్తనీ నది సముద్రంలో కలిసే మొగ దగ్గర, ఆటుపోట్లకు తడిసి ఆరే గట్టు నుంచి తీసినది. రెండవది అనకాపల్లి దగ్గర కొండకర్ల ఆవ అనే మంచినీటి సరస్సు అంచున, నీటి అడుగు నుంచి తీసినది. మొగ దగ్గర వల సర్దుకుంటున్న ఒక పెద్దాయన చాలాసేపు చూసి, "ఏటి బాబూ, ఆ బురదేటి సేసుకుంటారు?" అని అడిగారు. కరెంటు వస్తుందేమో చూద్దామని అంటే, "అయితే ఓ బకెట్టు మా ఇంటికీ అట్టుకెళ్లాల, బిల్లు కట్టలేకపోతన్నాం" అన్నారు. ఆయనకు ఇవ్వవలసిన అసలు జవాబు మైక్రోవాట్లలో ఉంటుందని అప్పటికి నేను లెక్క కట్టలేదు.

రెండు రకాల బురదకూ జంట సీసాలు పెట్టాను. ఒకదానిలో బురద ఉన్నది ఉన్నట్టుగా ఉంటుంది. రెండో దానిలో ప్రెషర్ కుక్కరులో ఉడికించిన బురద ఉంటుంది. ఒక్కసారి ఉడికిస్తే సరిపోదు, ఎందుకంటే బురదలో ఉండే క్లాస్ట్రిడియం జాతి బ్యాక్టీరియా గట్టి పెంకు గల సిద్ధబీజాలుగా మారి మామూలు మరుగును తట్టుకుంటాయి. అందువల్ల ఉడికించి, ఒక రోజు ఆగి, బతికిన సిద్ధబీజాలు మొలకెత్తాక మళ్లీ ఉడికించి, ఇంకో రోజు ఆగి మూడోసారి కూడా ఉడికించాను. వంటింట్లో ఆ వాసన ఎంతకాలం నిలిచిందన్నది ఈ డైరీకి సంబంధించని విషయం.

జనవరి చివర: ఉడికించిన బురద కూడా అంకె చూపింది

గోస్తనీ బురద చాలా త్వరగా లేచింది. వారం తిరిగేసరికి రెసిస్టర్ మీద 210 మిల్లీవోల్టుల దగ్గర నిలకడగా నిలిచింది. కొండకర్ల బురద మెల్లగా పెరుగుతూ ఫిబ్రవరి మొదటికి 120కి చేరింది. ఆశ్చర్యం ఉడికించిన సీసాల దగ్గర ఎదురైంది. కొండకర్ల జంట సీసా దాదాపు సున్నా దగ్గరే ఉండగా, గోస్తనీ జంట సీసా మాత్రం మొదటి రోజే 90 మిల్లీవోల్టులు చూపించి, తర్వాత రోజురోజుకూ తగ్గుతూ వచ్చింది.

దీనికి కారణం బురద రంగులోనే ఉంది. మొగ దగ్గర పలుగుతో తవ్వినప్పుడు పైన ఒక పలుచని పొర మాత్రమే గోధుమ రంగులో ఉండి, దాని కింద అంతా కారునలుపుగా ఉంది. ఆ నలుపు ఐరన్ సల్ఫైడ్. ముద్దను చీల్చి గాలికి పెడితే గంటల వ్యవధిలో అంచుల నుంచి నలుపు విరిగి బూడిద రంగు, తర్వాత తుప్పు రంగు వచ్చింది. కుళ్లిన కోడిగుడ్డు వాసన కూడా దానితోపాటే తగ్గిపోయింది. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 2.7 గ్రాముల సల్ఫేట్ ఉంటుంది. గాలి చొరబడని బురదలో కొన్ని బ్యాక్టీరియా ఆక్సిజన్‌కు బదులు ఆ సల్ఫేట్‌కే ఎలక్ట్రాన్లు అప్పగించి, దానిని సల్ఫైడ్‌గా మారుస్తాయి. అలా పోగుపడిన సల్ఫైడ్ ఎలక్ట్రోడుకు తగిలితే ఏ జీవి సహాయమూ లేకుండానే ఎలక్ట్రాన్లను దానికి వదిలి గంధకంగా మారగలదు. ఉడికిస్తే బ్యాక్టీరియా చచ్చాయి కానీ అవి అంతకు ముందే తయారుచేసి పెట్టిన సల్ఫైడ్ కొంత మిగిలింది. ఆ నిల్వ అయిపోతున్న కొద్దీ అంకె పడిపోయింది.

కాబట్టి వోల్టేజీ కనిపించడం ఒక్కటే జీవానికి రుజువు కాదు. తిండి పెట్టినప్పుడు అంకె స్పందించాలి, ఉడికించిన సీసాలో అదే తిండికి స్పందన ఉండకూడదు. ఈ పరీక్ష నిలబడితేనే తర్వాతి మాటలకు విలువ.

ఫిబ్రవరి: వెనిగర్, బెల్లం, గంజి

మూడు తిండ్లు ఎంచుకున్నాను. మొదటిది 4 శాతం వెనిగర్: ఒక మిల్లీలీటరులో 40 మిల్లీగ్రాముల ఎసిటిక్ ఆమ్లం ఉంటుంది, చిటికెడు వంటసోడాతో పులుపు విరిచేస్తే అసిటేట్ అవుతుంది. రెండవది అనకాపల్లి బెల్లం, మూడవది చిక్కటి గంజి. ఒక్కొక్క దానిని ఇంచుమించు అదే బరువుకు లెక్కగట్టి, పొడవాటి సూది గల సిరంజితో ఎలక్ట్రోడు పక్కకు వదిలాను. ఒకదాని ప్రభావం పూర్తిగా తగ్గాకే రెండోది పెట్టాను.

వెనిగర్‌కు కొండకర్ల సీసా కొన్ని గంటల్లోనే లేచి, మర్నాటికి 220 మిల్లీవోల్టులకు చేరి, దాదాపు ఐదు రోజులు అక్కడే ఉండి దిగింది. బెల్లానికి మొదటి రోజు ఏ కదలికా లేదు, పైగా అంకె కొంచెం తగ్గింది, బురదలోంచి బుడగలు వచ్చాయి. ఆ తర్వాతే మెల్లగా పెరుగుదల మొదలైంది. గంజికి ఇంకా ఆలస్యమైంది. ఉడికించిన సీసాలు మూడింటికీ చలించలేదు. జీవం ఉన్నదనడానికి నేను నమ్మే రుజువు ఇదే.

వెనిగర్ కంటే ఎక్కువ శక్తి దాచుకున్న తిండి చక్కెర అయినప్పుడు, చప్పున స్పందన రావలసింది దానికి గదా అని అనిపిస్తుంది. కానీ బురదలో ఏ ఒక్క జీవీ మొత్తం పని చేయదు. ఎలక్ట్రోడుకు నేరుగా ఎలక్ట్రాన్లు అందించగల బ్యాక్టీరియాలో బాగా పరిశోధించినది జియోబ్యాక్టర్. అమెరికాలోని పొటోమాక్ నది బురద నుంచి 1987లో డెరెక్ లవ్లీ దానిని వేరుచేశాడు. దానికి చక్కెర తినడం చేతకాదు, అసిటేట్ లాంటి చిన్న అణువులే కావాలి. ప్రకృతిలో అది ఎలక్ట్రాన్లను అప్పగించేది మట్టిరేణువుల మీది ఇనుప ఆక్సైడ్‌కు. భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలకు ఆ ఎరుపు ఇచ్చింది కూడా ఇనుప ఆక్సైడే. (అది రక్షిత భౌగోళిక వారసత్వ స్థలం, ప్రయోగం పేరు చెప్పి అక్కడి మట్టి ఎవరూ తవ్వకూడదు.) ఇనుప ఆక్సైడ్ నీటిలో కరగదు, కణం లోపలికి రాదు. అందుకే ఆ బ్యాక్టీరియా ఎలక్ట్రాన్‌ను తన ఒంటి బయటి వరకూ మోసుకు వచ్చే ఏర్పాటు చేసుకుంది: ఇనుము ఉన్న హీమ్ అణువులను వరుసగా పేర్చిన సైటోక్రోమ్ ప్రోటీనుల తంతువు. ఆ తంతువు నిర్మాణం 2019లో బయటపడింది. నా గ్రాఫైట్ ముక్క దానికి మరొక ఇనుపరాయి మాత్రమే. నా సీసాలో ఉన్నది జియోబ్యాక్టరే అని మాత్రం అనను. డీఎన్‌ఏ పరీక్ష లేకుండా పేరు పెట్టడం సరి కాదు.

ఫిబ్రవరి చివర: గంజి ఎలా కరుగుతుంది

గంజి ఆలస్యాన్ని కళ్లతో చూడడానికి వేరే గ్లాసుల్లో గంజి, దానిలో ఒక చెంచా కొండకర్ల బురద కలిపి మూత పెట్టి, రోజూ ఒక చుక్క తీసి తెల్లటి పింగాణీ సాసరు మీద అయోడిన్ టించరుతో కలిపి చూశాను. మొదటి రోజు చుక్క తగలగానే సిరా నీలం, అంచున దాదాపు నలుపు. తర్వాతి చుక్కలు ఊదాకు తిరిగాయి. ఆ తర్వాత ఎర్రటి గోధుమ వన్నె వచ్చింది. చివరికి అయోడిన్ తన పసుపు రంగులోనే ఉండిపోయింది. బురద కలపని గంజి అప్పటికీ నీలమే ఇస్తోంది. గంజిపిండి అణువు పొడవాటి గ్లూకోజ్ గొలుసు. అది మెలికలు తిరిగి ఉన్నంతవరకే అయోడిన్ ఆ మెలికల్లో ఇరుక్కుని నీలం చూపుతుంది. గొలుసు పొట్టిదైన కొద్దీ ఎరుపు, అసలు తెగిపోతే రంగే లేదు. అంత పెద్ద గొలుసును ఏ బ్యాక్టీరియా మింగలేదు కాబట్టి, అవి అమైలేజ్ ఎంజైమును బయటికి వదిలి, బయటే ముక్కలు చేసి, ముక్కలనే లోపలికి తీసుకుంటాయి. ఈ మొదటి మెట్టులో జీవికి దక్కే శక్తి ఏమీ లేదు, ఖర్చు మాత్రమే ఉంది.

గ్లూకోజ్ లోపలికి చేరాక దానిని చీల్చే గ్లైకాలసిస్ మొదలవుతుంది. ఆరు కార్బన్ల అణువు రెండు పైరువేట్‌లుగా చీలి, కణం శక్తిని దాచుకుని ఖర్చుపెట్టుకునే ఏటీపీ అణువులను నికరంగా రెండు మిగిల్చి, తీసిన ఎలక్ట్రాన్లను ఎన్‌ఏడీహెచ్ అనే వాహకం మీదికి ఎక్కిస్తుంది. ఈ ఏటీపీని 1929లో కండరం నుంచి కనుగొన్నవారిలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. హార్వర్డులో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన ఆ పని చేశారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ విడిగా దానిని చేరుకున్నాడు. పాఠ్యపుస్తకాల్లో ఆ పేజీ దగ్గర ఆయన పేరు ఎందుకు వేయరో నాకు అర్థం కాదు.

చిక్కు ఎన్‌ఏడీహెచ్ దగ్గర వస్తుంది. దాని మీదున్న ఎలక్ట్రాన్లను ఎక్కడో ఒకచోట దింపకపోతే వాహకం ఖాళీ కాదు, వాహకం ఖాళీ కాకపోతే తర్వాతి గ్లూకోజ్ చీలదు. ఆక్సిజన్ దొరికితే దానికి దింపుతుంది. దొరకని చోట పులియబెట్టే బ్యాక్టీరియా తన చేతిలో ఉన్న పైరువేట్ మీదే వాటిని దింపి లాక్టిక్ ఆమ్లం చేసుకుంటుంది. ఇడ్లీ పిండిని పులిపించే ల్యూకోనోస్టాక్ లాక్టిక్ ఆమ్లంతోపాటు కార్బన్ డయాక్సైడ్‌ను కూడా వదిలి పిండిని పొంగిస్తుంది. క్లాస్ట్రిడియాలు ఎలక్ట్రాన్లను హైడ్రోజన్ వాయువుగా వదిలేస్తాయి. బెల్లం పెట్టిన రోజు కనిపించిన బుడగలు ఈ దశవే అయి ఉండాలి. ఒక మోల్ గ్లూకోజ్‌ను ఆక్సిజన్‌తో పూర్తిగా దహిస్తే సుమారు 2,870 కిలోజౌళ్లు వస్తాయి. లాక్టిక్ ఆమ్లం దగ్గర ఆగిపోతే దక్కేది 200కు లోపే. మిగిలినదంతా ఆ ఆమ్లాల్లోనూ అసిటేట్‌లోనూ ఉండిపోతుంది. ఒకరి వ్యర్థం మరొకరి తిండి అవుతుంది కాబట్టి ఎలక్ట్రోడు దగ్గరి జీవి ఆ వాటా కోసం కాచుకుని ఉంటుంది. బెల్లానికీ గంజికీ వచ్చిన ఆలస్యం ఈ నిరీక్షణే.

మార్చి: 1.1 వోల్టులు ఎక్కడికి పోయాయి

రెసిస్టర్ తీసేసి, కరెంటు పారకుండా కొలిస్తే కొండకర్ల సీసా 0.65 వోల్టులు చూపింది. అసిటేట్ నుంచి ఎలక్ట్రాన్ బయలుదేరే మట్టం ప్రామాణికంగా సుమారు −0.29 వోల్టులు, ఆక్సిజన్ దానిని అందుకునే మట్టం +0.82, తేడా 1.1 వోల్టులు. తగ్గిన 0.45లో ఎక్కువ భాగం నీటి మీది గ్రాఫైట్ దగ్గర పోతోంది, ఎందుకంటే ఉత్ప్రేరకం లేని గ్రాఫైట్ మీద ఆక్సిజన్ మందకొడిగా చర్య జరుపుతుంది. ఇంకొంత భాగం బ్యాక్టీరియా తీసుకునే కమిషను. అది ఎలక్ట్రాన్‌ను ఉచితంగా అప్పగించదు. అసిటేట్ మట్టం నుంచి ఎలక్ట్రోడు మట్టానికి దిగే ఆ చిన్న మెట్టు మీదే అది బతకాలి.

ఆ మెట్టు ఎంత చిన్నదైనా బతకవచ్చన్న సంగతి పాఠాల్లో నాకు అన్నిటికంటే నచ్చినది. ఒక మోల్ అసిటేట్‌ను ఆక్సిజన్‌తో దహిస్తే సుమారు 844 కిలోజౌళ్లు, సల్ఫేట్‌తో అయితే సుమారు 48, మీథేన్‌గా విడగొడితే సుమారు 31 మాత్రమే. బతికి ఉన్న కణంలో ఒక మోల్ ఏటీపీ తయారీకి 50 కిలోజౌళ్ల వరకు కావాలి. అంటే సల్ఫేట్ వాడే జీవికి ఒక అసిటేట్ అణువుతో ఒక్క ఏటీపీ కూడా రాదు. అయినా మొగ బురదంతా వాటితోనే నిండి ఉంది. దీనికి సమాధానం 1961లో పీటర్ మిచెల్ ఇచ్చాడు, 1978లో నోబెల్ అందుకున్నాడు. ఎలక్ట్రాన్ దిగే ప్రతి మెట్టు దగ్గరా కణం కొన్ని ప్రోటాన్లను పొర బయటికి తోస్తుంది. అవి వెనక్కి వచ్చే దారిలో ఏటీపీ సింథేజ్ అనే తిరుగుడు యంత్రం ఉంటుంది. మూడు నాలుగు ప్రోటాన్లు లోపలికి వస్తే ఒక ఏటీపీ తయారవుతుంది. రూపాయి సరుకుకు పావలా చొప్పున హుండీలో వేసుకున్నట్టు, ఒక చర్యలో చాలని శక్తి కూడా పొర అవతల జమ అవుతుంది. ఏటీపీని ముక్కలుగా చేయలేము గాని ప్రోటాన్లను విడివిడిగా లెక్కపెట్టుకోవచ్చు. మంచి ఆదాయం లేని చోట జీవం నిలిచింది ఈ ఏర్పాటు వల్లనే.

పెద్దాయన బకెట్టు లెక్క కూడా ఇక్కడే వేశాను. గోస్తనీ సీసాలో 1,000 ఓమ్‌ల మీద 0.21 వోల్టులంటే 0.21 మిల్లీఆంపియర్లు, 44 మైక్రోవాట్లు. తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీ బల్బుకు ఇలాంటి సీసాలు రెండు లక్షలు కావాలి. ఇంటి బిల్లు విషయంలో ఆయనకు ఆశ పెట్టకుండా ఉండవలసింది.

మార్చి చివర: ఎనిమిది శాతం

వెనిగర్‌కు కొండకర్ల సీసా 120 నుంచి 220కి లేచిందంటే 0.1 మిల్లీఆంపియర్ అదనపు కరెంటు; అది ఐదు రోజులు నిలిస్తే తీగ మీదుగా వచ్చిన విద్యుదావేశం సుమారు 43 కూలంబులు. 40 మిల్లీగ్రాముల ఎసిటిక్ ఆమ్లంలో, అణువుకు 8 ఎలక్ట్రాన్ల చొప్పున, ఉన్నది దాదాపు 515 కూలంబులు. అంటే కొండకర్ల సీసాలో పెట్టిన వెనిగర్‌లో ఎనిమిది శాతం మాత్రమే తీగ మీదుగా వచ్చింది. గోస్తనీ సీసా 210 నుంచి 240కే లేచింది కాబట్టి అక్కడి వాటా రెండున్నర శాతం. ముందు నుంచీ ఎక్కువ అంకె చూపిన సీసాయే కొత్త తిండిలో తక్కువ భాగం ఇచ్చింది.

గోస్తనీ లెక్కకు దారి సల్ఫేట్‌లో ఉంది. ఒక సల్ఫేట్ 8 ఎలక్ట్రాన్లు తీసుకుంటుంది, ఒక అసిటేట్ 8 ఇస్తుంది; సరిగ్గా ఒకటికి ఒకటి. మొగ నీరు సముద్రపు నీటిలో సగం చిక్కదనమే అనుకున్నా లీటరుకు 14 మిల్లీమోళ్ల సల్ఫేట్ ఉంటుంది. అది 840 మిల్లీగ్రాముల ఎసిటిక్ ఆమ్లాన్ని ఒంటరిగా కాజేయగలదు. నేను పెట్టిన 40 మిల్లీగ్రాములు దానికి ఒక మూలకు రావు. తయారైన సల్ఫైడ్‌లో కొంత తిరిగి ఎలక్ట్రోడు దగ్గర ఎలక్ట్రాన్లు వదులుతుంది కాబట్టే ఆ రెండున్నరైనా దక్కింది అనుకుంటున్నాను. కొండకర్ల సీసాలో సల్ఫేట్ తక్కువ. అక్కడి పోటీదారులు మీథేన్ చేసే ఆర్కియాలు (బ్యాక్టీరియా కాని మరో రకం సూక్ష్మజీవులు), పైనుంచి దిగే ఆక్సిజన్, తమ ఒళ్లు పెంచుకునే కణాలు.

దీనిని తేల్చడానికి గోస్తనీ బురదలోనే కొంత భాగాన్ని అదే ఉప్పదనం గల ఉప్పునీటితో మళ్లీ మళ్లీ కడిగి, సల్ఫేట్ తీసేసి కొత్త సీసా కట్టాను. ఉప్పదనం మారితే నీటి విద్యుత్ నిరోధం మారి పోలిక చెడుతుంది. కల్లుప్పు వాడలేదు, ఎందుకంటే సముద్రం నుంచి ఆరబెట్టిన దానిలో జిప్సం, మెగ్నీషియం లవణాలు మిగిలి సల్ఫేట్‌ను వెనక్కి తెస్తాయి. శుద్ధి చేసిన మెత్తటి ఉప్పే వాడాను. కడిగిన సీసా ముందుగా 95 మిల్లీవోల్టుల దగ్గర నిలిచింది, అంటే పాత 210లో సగానికి పైగా సల్ఫైడ్ పుణ్యమే. దానికి నిన్న సాయంత్రం వెనిగర్ పెట్టగా ఈ ఉదయానికి 150 దాటింది. పాత సీసాలో ఇదే మోతాదుకు మొత్తం పెరుగుదల 30 మిల్లీవోల్టులే. వాటా ఎంతో కట్టాలంటే అంకె మళ్లీ 95కి దిగేవరకు ఆగాలి. అప్పటిదాకా ఉదయం, సాయంత్రం రీడింగులు రాస్తున్నాను.